కంచ భూముల మీద మన మాట ఏది?

(కొండాపూర్‌లో అంబేద్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం 'అడవులు, వన్యప్రాణులు, దళితులు'. ఈ అంశం పెట్టినప్పుడు మన కార్యకర్తలే కొందరు అడిగిండ్రు: 'సార్, ఇండ్ల జాగల గురించి మాట్లాడాల్సిన చోట జింకలు, నెమళ్ళు ఏంది?' అని. అడగడం న్యాయమే. అయితే ఇండ్ల జాగ గురించి మాట్లాడాలన్నా జింక గురించి మాట్లాడక తప్పని కాలం వచ్చింది. ఈ రెండింటినీ ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పి నడుమ భూమిని ఎత్తుకపోయేటోళ్ళు తయారైండ్రు. అందుకని ఇయ్యాల ఈ లెక్క తేల్చుకుందాం.

బంజరు అన్న మాట ఎవరిది?

మనం కూర్చున్న ఈ కొండాపూర్, పక్కన కొత్తగూడ, మాదాపూర్, ఖానామెట్, గచ్చిబౌలి - ముప్పై ఏండ్ల కింద ఇవన్నీ ఊళ్ళు. రాళ్ళ గుట్టలు, గుట్టల నడుమ చెరువులు, కుంటలు, చెలకలు, కంచలు. ఈ రాళ్ళు సుమారు 250 కోట్ల ఏండ్ల నాటివని శాస్త్రవేత్తలు చెప్తరు. గుట్ట మీద పడ్డ వాన రాళ్ళ సందుల నుంచి జారి కింది కుంటలోకి చేరేది. కుంట చుట్టూ గడ్డి, గడ్డి కోసం జీవాలు. అదీ ఈ నేల బతికిన తీరు.

పట్వారీ రికార్డుల్లో ఇట్లాంటి భూములకు పేర్లున్నయి. గైరాన్ అంటే ఊరి పశువులు మేసే భూమి. బంచరాయి అన్నా అదే. శిఖం అంటే చెరువు నిండితే మునిగే భూమి. కంచ అంటే గడ్డికీ మేతకూ వదిలిన భూమి. కంచ గచ్చిబౌలి అన్న పేరులోనే ఆ భూమి చరిత్ర ఉంది. సర్కారు మాత్రం వీటన్నిటికీ కలిపి ఒకటే మాట వాడుతది - బంజరు. అంటే దేనికీ పనికిరాని భూమి అని.

ఎవరికి పనికిరాదు? ఇరవై ఎకరాల ఆసామికి కంచతో పనిలేదు. ఆయన గడ్డివాము ఆయన దొడ్లోనే ఉంటది. రెండు మేకలు తప్ప మరేమీ లేని ఇంటికి కంచే పొలం. పొయ్యిలోకి పుల్లలు అక్కడివే. కోసి అమ్ముకునే గడ్డి మోపు అక్కడిదే. సీతాఫలాలు, బోడకాకర, తునికాకు అక్కడివే. భూమిలేనోడికి ఉన్న ఒకే ఒక్క భూమి అది. పట్టా మాత్రం లేదు. పట్టా లేదు కనుక పోయిన రోజు నష్టపరిహారమూ లేదు, పోయిందన్న లెక్క కూడా లేదు.

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. పాతకాలం ఊరు బంగారమని నేను చెప్పడం లేదు. ఊరిని గొప్పగా పొగిడేటోళ్ళను బాబాసాహెబ్ 1948లో రాజ్యాంగ సభలోనే తూర్పారబట్టిండు. ఊరుమ్మడి చెరువు అన్నరు గని అందులో మనం ముంత ముంచనియ్యలేదు. 1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువు నీళ్ళు తాగడానికి ఆయన ఉద్యమమే చెయ్యాల్సి వచ్చింది. అది మునిసిపాలిటీ చెరువు, అందరికీ తెరిచినట్టు కాగితం మీద ఉంది. అయినా తాగనియ్యలేదు. కనుక 'అందరిదీ' అన్న మాట వినబడ్డప్పుడల్లా ఆ 'అందరి'లో మనం ఉన్నామా అని అడగడం మనం మహద్ నుంచి నేర్చుకున్న పాఠం. ఇయ్యాల అడవి విషయంలో కూడా అదే ప్రశ్న అడుగుతున్న.

పువ్వు తెలుసు, చెక్క తెలవదు

నేను బడిపంతుల్ని. పిల్లలకు రాష్ట్ర చిహ్నాలు చెప్తుంట. రాష్ట్ర పక్షి పాలపిట్ట, జంతువు జింక, చెట్టు జమ్మి, పువ్వు తంగేడు. తంగేడు అనంగనే పిల్లలు బతుకమ్మ అంటరు. నిజమే. కాని తంగేడు చెక్క దేనికి పనికొస్తది అని అడిగితే క్లాసంతా మౌనం. పుస్తకంలో లేదు.

మాదిగవాడలో డెబ్బై ఏండ్ల ముసలమ్మను అడగండి. తోలును సున్నం నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, కండ గీకి, లందలో తంగేడు చెక్క వేసి ఊరబెడితేనే అది చర్మం నుంచి తోలుగా మారేది. ఆ చెక్కలోని వగరు తోలును కుళ్ళనియ్యదు. ఇంగ్లీషువాళ్ళు ఈ చెట్టును 'టానర్స్ కాసియా' అన్నరు. అంటే తోలు పనివాడి చెట్టు అని. వాళ్ళు పెట్టిన పేర్లోనైనా మనం ఉన్నం. మన పాఠ్యపుస్తకంలో లేం.

ఆ తోలుతోనే మోట బొక్కెనలు కుట్టిండ్రు మనోళ్ళు. దొర పొలం పారింది ఆ బొక్కెనతోనే. దొర కాలికి చెప్పు, ఎడ్ల మెడకు పట్టెడ, ఊరి పండుగకు డప్పు - అన్నీ అందులోంచే. కొమ్మ కొడితే తంగేడు మళ్ళీ చిగురిస్తదని, వేరు పీకితే పోతదని మనకు తెలుసు. మన పని ఆ చెట్టు మీద ఆధారపడ్డది. దీన్ని ఇయ్యాల యూనివర్సిటీల్లో 'జీవవైవిధ్య పరిజ్ఞానం' అంటున్నరు. మన తాతలు చేసినప్పుడు దానికి పెట్టిన పేరు అంటు.

ఇంకొక ముచ్చట. రాబందులు. చచ్చిన పశువును ఊరి బయటికి లాగింది మనం. తోలు తీసింది మనం. మిగిలింది రాబందు తిన్నది. ఊరిలోకి రోగం రాకుండా చూసినవి ఈ రెండు చేతులు, ఆ రెండు రెక్కలు. 1990ల నుంచి రాబందులు కూలిపోవడం మొదలైంది. కారణం వెతికితే పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ మందు అని తేలింది. ఆ మందు పడ్డ పశువు చస్తే, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు చెడిపోయి చస్తది. కొన్ని జాతులు నూటికి తొంబై ఐదుకు పైగా తుడిచిపెట్టుకపోయినయి. 2006లో పశువులకు ఆ మందు వాడొద్దని కేంద్రం నిషేధించింది. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూర్ అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు కనిపిస్తే అటవీశాఖ కాపలా పెట్టింది. మంచిదే. రాబందు బతకాలె.

ఆ పని మనకు తిరిగి కావాలని నేననడం లేదు. చచ్చిన గొడ్డును లాగడం, దాని మాంసం తినడం మానండని బాబాసాహెబ్ మహద్‌లోనే చెప్పిండు. నేనడిగేది ఒకటే. ఊరిని శుభ్రం చేసిన పక్షికి ఇయ్యాల గౌరవం దొరికింది. అదే పని చేసిన మనిషికి ఆ గౌరవం ఎన్నడు దొరుకుతది?

ఎకరం వంద కోట్లు

1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించిండు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల భూమి రేటుకు పగ్గం లేదు. 2007లో శేరిలింగంపల్లి మునిసిపాలిటీని గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపిండ్రు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది.

మరి మన చేతుల్లో ఉన్న భూమి ఏమైంది? భూమిలేని పేదలకు లావుణి పట్టాలు, ఎసైన్‌మెంట్ పట్టాలు ఇచ్చిండ్రు. అవి అమ్మడానికి వీల్లేదని, ఎవరన్నా కొన్నా చెల్లదని, కొన్నవాని నుంచి తీసుకొని తిరిగి పేదకే ఇయ్యాలని 1977లో చట్టం చేసిండ్రు. ఎసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, 9వ నంబరు. మంచి చట్టం. కాని నగరం పెరిగినకొద్దీ ఒకదిక్కు దళారులు తెల్లకాగితం మీద వేలిముద్రలు తీసుకున్నరు. ఇంకోదిక్కు సర్కారే 'ప్రజా ప్రయోజనం' అని వెనక్కి తీసుకున్నది. పట్టాదారు అమ్మితే భూస్వామి. ఎసైనీ పోగొట్టుకుంటే 'షరతు ఉల్లంఘన'. ఆ భూమి మీద లేచిన అద్దాల మేడల్లో మన పిల్లలకు దొరికిన పని గేటు దగ్గర సెక్యూరిటీ, లోపల హౌస్‌కీపింగ్, అదీ కాంట్రాక్టరు కింద. కంప్యూటర్ ముందు కూర్చున్నోళ్ళు ఉన్నరు, సంతోషం. కాని ఎంతమందో మీ వాడల్లో మీరే లెక్క పెట్టుకోండి.

నాలుగు వందల ఎకరాలు

ఇప్పుడు కంచ గచ్చిబౌలి సంగతి. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పెట్టినప్పుడు సుమారు 2,300 ఎకరాలు చూపించిండ్రు. అది ఆరు సూత్రాల పథకం కింద, తెలంగాణ ఉద్యమం ఫలితంగా వచ్చిన యూనివర్సిటీ. 2003-04లో అందులో 400 ఎకరాలు ఐఎంజీ భారత అనే కంపెనీకి ఆటల శిక్షణ పేరుతో కట్టబెట్టిండ్రు. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం 2006లో దాన్ని రద్దు చేసింది. కంపెనీ కోర్టుకు పోయింది. 2024లో హైకోర్టులోనూ, సుప్రీంకోర్టులోనూ కంపెనీ ఓడింది. భూమి ప్రభుత్వానిదని తేలింది. ప్రభుత్వం ఆ భూమిని పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు అప్పజెప్పి ఐటీ పార్కులకు పథకం వేసింది.

2025 మార్చి 30, ఉగాది పండుగ నాడు బుల్డోజర్లు దిగినయి. అడ్డం పోయిన విద్యార్థులను పోలీసులు ఎత్తుకపోయిండ్రు. రాత్రింబగళ్ళు చెట్లు కొట్టిండ్రు. నెమళ్ళ అరుపులు దేశమంతా విన్నది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, ఒక్క చెట్టు కూడా కొట్టొద్దని ఆపింది. అప్పటికే వంద ఎకరాల దాకా నేలమట్టమైందని కోర్టుకు నివేదిక అందింది. చెట్లు తిరిగి పెంచకపోతే అధికారులు జైలుకు పోవాల్సి వస్తదని ఏప్రిల్ 16న హెచ్చరించింది.

ప్రభుత్వం ఏమన్నది? అది అడవి కాదు, రికార్డులో అడవి అని లేదు అన్నది. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: రికార్డులో ఏం రాసి ఉన్నా, సొంతదారు ఎవరైనా, నిఘంటువు అర్థంలో అడవి అయితే అది అడవే అని. మచ్చల జింకలు, నెమళ్ళు, నక్షత్ర తాబేళ్ళు, కొండచిలువలు, రెండు వందలకు పైగా పక్షి జాతులు ఉన్న చోటును అడవి కాదంటే మరి దేన్నంటరు?

మనోళ్ళు కొందరన్నరు: 'జింకల కోసం ఏడ్చేటోళ్ళు బస్తీ కూల్చినప్పుడు ఎటు పోయిండ్రు?' ఈ ప్రశ్న నిజమైనది. దీన్ని దాటేయొద్దు. గుడిసెలు కూల్చినప్పుడు మైత్రివనం దగ్గర ఎవరూ కొవ్వొత్తులు పట్టుకొని నిలబడలేదు. అయితే దానికి జవాబు అడవిని కూల్చనియ్యడం కాదు. ఆ 400 ఎకరాల్లో వేసిన పథకం పేదల ఇండ్లకు కాదు, కంపెనీలకు. మన పేరు చెప్పి చెట్టు కొడితే కలప వాళ్ళది, పాపం మనది.

ఇంకో సంగతి మరువొద్దు. ఆ క్యాంపస్‌లోనే ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ళ నుంచి వెలివేసిండ్రు. వాళ్ళు బయట డేరా వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టిండ్రు. 2016 జనవరి 17న రోహిత్ వేముల పోయిండు. నక్షత్రాల గురించి, సైన్సు గురించి రాయాలనుకున్న పిల్లగాడు. 2025లో బుల్డోజర్ల ముందు నిలబడ్డ విద్యార్థుల్లో దళిత బహుజన విద్యార్థులూ ఉన్నరు. అడవి గురించి మాట్లాడటం అగ్రకులాల తీరిక పని అనేటోళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలె.

కంచె వేస్తే ఎవరు బయట?

అట్లని అడవిని కాపాడతం అన్నోళ్ళందరూ మనోళ్ళు కాదు. మన పక్కనే కొత్తగూడ రిజర్వు అడవిలో కోట్ల విజయభాస్కర రెడ్డి పేరు మీద బొటానికల్ గార్డెన్ ఉంది. 274 ఎకరాలు. చుట్టూ మేడలు లేచినా ఆ పచ్చదనం మిగిలిందంటే అది రిజర్వు అడవి కాబట్టే. లేకపోతే ఎప్పుడో ప్లాట్లయ్యేది. అది ఉండాల్సిందే. కాని లోపల టికెట్ కొని నడిచేదెవరు, చీపురు పట్టి ఊడ్చేదెవరు? జూబ్లీహిల్స్‌లో కేబీఆర్ జాతీయ పార్కు, సుమారు 390 ఎకరాలు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జాతీయ పార్కులో పశువులు మేయొద్దు. మేత పోయినోడికి ఏం దొరికిందని ఎవరూ అడగలేదు.

గండిపేట, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996 మార్చి 8న 111 జీవో తెచ్చిండ్రు. 84 ఊళ్ళల్లో కట్టడాల మీద ఆంక్షలు. నగరానికి మంచి జరిగింది. కాని ఎకరం, అరెకరం రైతు భూమి ధర పెరగక కూర్చున్నడు. అవే ఊళ్ళల్లో పెద్దోళ్ళ ఫామ్‌హౌసులు మాత్రం లేచినయి. తీరా 2022లో ఆంక్షలు ఎత్తేస్తూ 69 జీవో ఇచ్చినప్పుడు లాభం చేతికొచ్చింది ఎవరికి? కాపాడినన్నాళ్ళు ఖర్చు పేదోడిది, వదిలేసిన నాడు లాభం ఉన్నోడిది.

ఆసిఫాబాద్ దిక్కు చూడండి. కవ్వాల్ పులుల అడవినీ మహారాష్ట్ర తాడోబానూ కలిపే దారి అని 2025 మే 30న 49 జీవో తెచ్చి, లక్షన్నర హెక్టార్లకు దగ్గరగా ఉన్న అడవిని కుమురం భీం పేరు మీద కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించిండ్రు. పులికి దారి కావాలె, కాదనను. కాని అక్కడి ఆదివాసీలను అడిగిండ్రా? వాళ్ళు రోడ్డెక్కితే జూలైలో ఆ జీవోను పక్కన పెట్టిండ్రు. జల్, జంగల్, జమీన్ కోసం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన మనిషి పేరు పెట్టి, ఆయన మనుషులను అడగకుండా గీత గీస్తే ఎట్ల?

అడవి అంచున బతికే దళితుల సంగతి మరీ అన్యాయం. 2006 అటవీ హక్కుల చట్టంలో మనం 'ఇతర సంప్రదాయ అటవీ నివాసుల' కింద వస్తం. 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏండ్లు అక్కడ ఉన్నట్టు రుజువు చూపాలె. చదువే రానియ్యనోళ్ళను కాగితం అడుగుతున్నరు. అయితే ఆ చట్టం నియమాల్లోనే పెద్దమనుషుల వాంగ్మూలం కూడా రుజువుగా చెల్లుతదని ఉంది. ఈ సంగతి ఊళ్ళల్లో చెప్పేటోళ్ళు లేరు. చెప్పాల్సింది మనమే.

ఏం చెయ్యాలె?

ఒకటి. ప్రతి ఊర్లో గైరాన్, బంచరాయి, శిఖం, కంచ ఎంత ఉండె, ఇయ్యాల ఎంత ఉంది అని లెక్క తీయాలె. 1954-55 ఖాస్రా పహాణీ తీయండి. ఇయ్యమంటే 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. కాగితం చేతిలో ఉంటేనే గొంతు లేస్తది.

రెండు. ఎసైన్డ్ భూములు ఎవరెవరి చేతుల్లోకి పోయినయో పేరు పేరునా రాయాలె. 1977 చట్టం చచ్చిపోలేదు.

మూడు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో, మునిసిపాలిటీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలె. అందులో మూడో వంతు ఆడవాళ్ళు, 18 శాతం ఎస్సీ, ఎస్టీలు ఉండాలని 2004 నాటి నియమాలే రాసినయి. మీ ఊరి కమిటీలో ఎవరున్నరు? అసలు కమిటీ ఉందా? ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న అమీన్‌పూర్ చెరువును 2016లో అదే చట్టం కింద జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిండ్రు. మన ఊరి చెరువుకూ అడగొచ్చు. ఆ కమిటీ రాయాల్సిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో తంగేడు చెక్క గురించి చెప్పాల్సింది మన ముసలమ్మే. ఆమె పేరు కూడా రాయించాలె.

నాలుగు. అడవి అంచు ఊళ్ళల్లో దళితుల అటవీ హక్కుల క్లెయిములు ఆదివాసీలతో కలిసి పెట్టాలె. వాళ్ళమీదికి కాదు, వాళ్ళతో. మనల్ని వాళ్ళతో కొట్లాడించాలని చూసేటోళ్ళు శానామంది ఉన్నరు.

ఐదు. పార్కుల్లో, రిజర్వుల్లో పనిచేసేటోళ్ళకు కాంట్రాక్టు వద్దు, కనీస వేతనం కావాలె. పక్క బస్తీ పిల్లలకు టికెట్ లేని ప్రవేశం కావాలె. చెట్టు పేరు, పిట్ట పేరు చెప్పే కొలువులు వాళ్ళకే రావాలె.

ఆరు. ఇండ్ల జాగలు. ఇది వదలం. కాని జాగ అడవిలో కాదు, కుంటలో కాదు. కుంటలో ఇచ్చిన పట్టా మొదటి వానకే మునుగుతది, తర్వాత కూల్చివేతలో పోతది. పరిశ్రమల పేరు మీద అగ్గువకు తీసుకొని ఏండ్ల తరబడి ఖాళీగా పెట్టుకున్న భూములున్నయి. వాటి జాబితా అడుగుదాం. జాగలు అక్కడ ఇయ్యమందాం.

తమ్ముళ్ళారా, ఎవరన్నా నాయకుడు వచ్చి 'ఆ గుట్ట కింద జెండాలు పాతండి, పట్టాలు నేనిప్పిస్త' అంటే ముందు ఒక మాట అడగండి. 'మీ ఫామ్‌హౌసు పక్కన ఎందుకు పాతొద్దు?' అని. అట్లనే ఎవరన్నా పర్యావరణం పెద్దమనిషి వచ్చి 'అడవిని కాపాడుదాం రండి' అంటే ఆయన్నీ అడగండి. 'కాపాడే కమిటీలో మా కుర్చీ ఏది?' అని. ఈ రెండు ప్రశ్నలకు జవాబు వచ్చినంక జెండా ఎక్కడ పాతాలో మనమే తేల్చుకుందాం.

జై భీమ్.